చిన్న యింటికి తగిన కసరత్తు సామాను

కసరత్తు, తాలింఖానా, పహిల్వాను అను మాటలు ఉర్దూ వెంట తెలుగునకు వచ్చి, పరాయివని తోచనంతగా మనలో కలిసిపోయినవి. పూర్వపు తాలింఖానాలో ఉండిన సామాను బహు స్వల్పము: మెత్తగా త్రవ్విన మట్టి, ముద్గరములు, ఒక సంగిడి రాయి, ఒక త్రాడు. నేడు ఇంట కసరత్తు చేయదలచిన యువకుడు మొట్టమొదట యంత్రమును కొనుటకు బయలుదేరుచున్నాడు. అప్పు చేసి తెచ్చిన ఆ యంత్రము ఆరు మాసములు తిరుగకుండనే తువ్వాళ్లు ఆరవేయు దండెమగుచున్నది. సామాను ఎన్నుకొను విషయమున మా అభిప్రాయమును ఉప్పాడను ఉదాహరణముగా గైకొని విన్నవించుచున్నాము.

కాకినాడ చేరువ సముద్రపుటొడ్డున నున్న ఈ ఊరిలో సామాను కొనువాని వివేకమునకు మూడు పరీక్షలున్నవి. మొదటిది స్థలము. జాందానీ నేతగాని యింట ముందుగది మగ్గానిదే. ఆ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది గాని, గది పెరుగలేదు. రెండవది ఉప్పుగాలి. పూతలేని ఇనుమును అది చూచుచుండగనే తినివేయును. మూడవది సముద్రపు కోత. ఉప్పాడలో ఎన్నో యిండ్లు కడలి పాలైనవి. తుపాను వచ్చిన రాత్రి మూటకట్టుకొని కదలవలసిన కుటుంబమునకు కదలని యంత్రమెందుకు? కావున వస్తువు చిన్నదిగ, తుప్పుపట్టనిదిగ, చేతబట్టుకొని పోదగినదిగ ఉండవలెను.

కొనుటకు ముందు మరొక ప్రశ్న కలదు: మన వృత్తి మన శరీరముచేత ఏ పని చేయించుట లేదు? మగ్గపు గుంటలో కాళ్లుంచి, మెడవంచి, చేతులు ముందుకు చాచి పొద్దంతయు కూర్చుండు నేతగానికి వీపును, భుజములను వెనుకకు లాగు కసరత్తు కావలెను, నడక కావలెను. పుస్తకముల ముందు వంగి కూర్చుండు విద్యార్థి స్థితియు అట్టిదే. వల లాగు మత్స్యకారునకు వీపు పని కావలసినంత ఉన్నది. అతనికి వలసినది కీళ్లను సడలించు సాధకము, చేతులతో ముందుకు నెట్టు పని. అన్ని యిండ్లకు ఒకే యంత్రమును అమ్మువాడు ఈ భేదమును ఎరుగడు.

మా దృష్టిలో నాలుగు వస్తువులు చాలును. ఒకటి, చాప. దానిపై దండీలు, బస్కీలు తీయవచ్చును. ఇవి పేదవాని కసరత్తులని తక్కువగా చూడరాదు. 1910లో లండను నగరమున జిబిస్కోతో రెండు గంటలకు పైగా పోరాడి సరిసమానముగ నిలిచి, 1928లో పటియాలాలో అతనినే నిమిషములోపల పడవేసిన గామా పహిల్వాను శరీరము ప్రధానముగా వీటితోనే తయారైనది.

రెండు, గట్టి త్రాడు. గట్టి దూలమునకు కట్టి, దేహమును పైకి లాగుకొనవచ్చును. పాత పెంకుటింటి దూలమును నమ్ముటకు ముందు, పాదములు నేలనుండగనే కొద్దికొద్దిగా బరువు వేసి పరీక్షింపవలెను. మగ్గపు కఱ్ఱకు మాత్రము ఎన్నడును కట్టరాదు. అది అన్నము పెట్టు వస్తువు.

మూడు, పిడిగల రెండు నీళ్ల డబ్బాలు. లీటరు నీరు కిలో బరువు గనుక తక్కెడతో పనిలేదు. నేడు ఐదు లీటర్లు, పదిదినములకు ఆరు లీటర్లు. బలము పెరిగినకొలది బరువు పెంచుటయే బలసాధన రహస్యము.

నాలుగు, రెండు పొరల గోనెలో కట్టిన ఇసుక మూట. ఆరు లీటర్ల పొడి ఇసుక ఇంచుమించు పది కిలోలు తూగును. ఇసుకను తీరమునుండి తేవలదు. సముద్రము కోయుచున్న ఒడ్డును మనము కూడ కోయుట తగదు. ఇల్లు కట్టినచోట మిగిలిన ఇసుక చాలును.

రబ్బరు పట్టీలు మంచివే గాని, ఎండకు, ఉప్పుగాలికి పగులును. మూతగల డబ్బాలో దాచి, లాగుటకు ముందు ప్రతిదినము చూచుకొనవలెను.

ఇంత స్వల్ప సామానుతో ఆరోగ్యము చేకూరునా యని కొందరు శంకింతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించినది వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమ శ్రమ, కనీసము రెండు దినములు కండరములకు బలమిచ్చు కసరత్తు. ఈ లెక్కలో యంత్రము పేరు లేదు. బీచి రోడ్డుపై వడి నడకయు, చాపయు, డబ్బాలును ఆ లెక్కను పూర్తిచేయును. బయట వ్యాయామశాలకు పోలేని మన ఆడపడుచులకు ఇంటి మూలనున్న ఈ నాలుగు వస్తువులే వ్యాయామశాల యగును.

అయితే ఇనుము అక్కరలేదని మేమనుట లేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో శ్రీకాకుళపు బిడ్డ కరణం మల్లీశ్వరి మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము గెలుచుటకు ఇసుక మూట చాలదు. పోటీలకు దిగువారికి నిజమైన ఇనుము, గట్టి నేల, నేర్పు గురువు కావలెను. అవి ఇంటింట కొనదగినవి కావు. కళాశాలయో, గ్రామమో ఉమ్మడిగా కొని, తుడిచి, నూనె రాచి కాపాడవలసినవి. పది కుటుంబములు పది యంత్రములకు చేయు అప్పుతో ఊరికొక మంచి తాలింఖానా వెలయగలదు. ఇంట నాలుగు వస్తువులు, ఊరిలో ఒక తాలింఖానా — ఇదియే మా సూచన. విద్యార్థి మిత్రులు ఆలోచింతురుగాక.