సముద్రానికి పట్టా ఎవరిచ్చారు?



మేము నలుగురం రైల్వేలో కలిసి పనిచేసి రిటైరైన గుమాస్తాలం. చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర కొంత, సంఘం తరగతిలో కొంత దిద్దుకున్నాము. రాతలో తప్పులుంటే మన్నించండి. విషయంలో తప్పుంటే మాత్రం మన్నించకండి, మీటింగులో నిలబెట్టి అడగండి.

మాలో ఒకరి కొడుకు ఫ్లోరిడాలో ఉన్నాడు. ఆ అబ్బాయి పుణ్యమా అని మొన్న జమైకాకు పోయి, మాంటెగో బే దగ్గర ఒక రిసార్టులో ఒక రోజంతా హాయిగా గడిపి వచ్చాము. ఫోటోలు గ్రూపులో పెట్టింది మేమే. వాటిని చూసి కమిటీవాళ్లు, ఈసారి కాణుం పొంగల్‌కు మెరీనా వద్దు, ఈసీఆర్ మీద సొంత బీచ్ ఉన్న రిసార్టు మాట్లాడుదాం, తలకు ఇంత అని రాశారు. ఇంకొందరు, "బీచ్ అంటే అట్లా ఉండాలి, మెరీనాకు కూడా కంచె వేసి టికెట్టు పెడితేనే బాగుపడుతుంది" అన్నారు. మా ఫోటోలు చేసిన పని ఇది. అందుకని జవాబు కూడా మేమే చెప్పాలి.

ముందు ఉన్నమాట చెప్పేస్తాము. ఆ రోజు చాలా బాగుంది. తెల్లటి ఇసుక, మోకాటి లోతులో కూడా అడుగు కనబడే నీళ్లు, గొడుగు కింద పడక కుర్చీ. చేతికి ఒక పట్టీ కట్టారు. అది చూపిస్తే తిండీ తాగుడూ అడిగినంత. నైట్ డ్యూటీలు చేసిచేసి నిద్రే మరిచిపోయిన మావాడు ఒకడు, అలల చప్పుడుకు పసిబిడ్డలాగా మూడు గంటలు నిద్రపోయాడు. ముసలితనంలో ఒక రోజు ఊరికే కూర్చోవడం పాపమని మేము అనడం లేదు.

మధ్యాహ్నం మేకమాంసం కూర, రొట్టె పెట్టారు. అక్కడ పెళ్లికైనా చావుకైనా ఆ కూర ఉండాల్సిందేనట. పేరే కర్రీ గోట్. మన దేశంనుంచి పోయినవాళ్లు తీసుకుపోయిన వంట. తిన్నది అరగడానికి ఒడ్డు వెంబడి నడిచాము. రెండు వందల అడుగులు పోయామో లేదో, నీళ్లలోకి తాడు, ఒడ్డున కాపలావాడు. తాడుకు అవతల రాళ్లు. ఆ రాళ్ల సందున ఊరి పిల్లలు ఈత కొడుతున్నారు. మాకు కొబ్బరినీళ్లు తెచ్చిన కుర్రవాణ్ణి, "నువ్వు ఎక్కడ స్నానం చేస్తావు బాబూ?" అని అడిగాము. నవ్వాడు. "చిన్నప్పుడు ఇక్కడే సార్. ఇప్పుడు యూనిఫాం ఉంటే లోపలికి రావచ్చు. విప్పితే రాకూడదు."

ఆ మాట మా కుర్చీ కింద ముల్లులాగా గుచ్చుకుంది.

వచ్చాక చదివి తెలుసుకున్నాము. జమైకాలో 1956లో తెల్లవాళ్ల పాలనలో బీచ్ కంట్రోల్ చట్టం వచ్చింది. ఒడ్డు మీద హక్కు ప్రభుత్వానిది అన్నారు, లైసెన్సులు ఇచ్చారు. జనానికి స్నానానికి దిగే హక్కు మాత్రం ఆ చట్టంలో రాయలేదు. 1962లో స్వతంత్రం వచ్చింది, చట్టం ఉండిపోయింది. తమ ఒడ్డు తమకు కావాలని అక్కడి జనం ఈనాటికీ కోర్టులకు తిరుగుతున్నారు.

ఆ దేశం మనకు పరాయిదా? 1845 మే 10న బ్లండెల్ హంటర్ అనే ఓడ కలకత్తానుంచి సుమారు 260 మందిని తెచ్చి ఓల్డ్ హార్బర్ బేలో దింపింది. చెరుకు తోటల్లో కూలికి. తర్వాత వచ్చిన ఓడల్లో కొన్ని మన మద్రాసునుంచే కదిలాయి. మద్రాసు ఓడ ఎక్కినవాళ్లలో తమిళులూ ఉన్నారు, తెలుగువాళ్లూ ఉన్నారు. 1917లో ఆ కూలి ఓడలు ఆగేలోపు జమైకాకు పోయినవాళ్లు 36 వేలకు పైమాటే. కడుపు చేతబట్టుకుని సముద్రం దాటినవాళ్ల మునిమనవలు ఇవాళ ఆ సముద్రంలో కాలు పెట్టాలంటే గేటు దగ్గర ఆగాలి. మేము చేతికి పట్టీ కట్టుకుని లోపల కూర్చున్నాము. ఓల్డ్ హార్బర్ బే చూడాలని కూడా ఆ రోజు మాకు తోచలేదు.

"కంచె లేకపోతే శుభ్రం ఉండదు, రిసార్టు నడవదు" అంటారా? అదే కరేబియన్‌లో బార్బడోస్ ఉంది. అక్కడ బీచ్‌లన్నీ జనానివి. ఎంత పెద్ద హోటలు ముందైనా ఎవరైనా దిగి ఈత కొట్టవచ్చు. అక్కడ హోటళ్లు మూతపడ్డాయా? లక్షణంగా నడుస్తున్నాయి.

మేము బ్రతుకంతా టికెట్లు కొట్టినవాళ్లం. ఏది అమ్మవచ్చో, ఏది అమ్మకూడదో మాకు తెలుసు. ఏసీ పెట్టెలో బెర్తు అమ్మాము, దుప్పటి ఇచ్చాము. బెర్తు కొన్నాడు గదా అని రైలు పట్టాలను ఎవరికీ రాసివ్వలేదు. అదే పట్టాల మీద అన్‌రిజర్వుడ్ పెట్టె కూడా పోవాలి. రిసార్టువాడు గది అమ్ముకోనీ, కుర్చీ అమ్ముకోనీ, కూర అమ్ముకోనీ. సముద్రానికి పట్టా వాడికెవరిచ్చారు?

ఇక మన సంగతి. మెరీనా మురికిగా ఉందంటే తొట్లు చాలకపోవడం, కక్కూసులు చాలకపోవడం కారణం. సుండల్ తినేవాడు కాదు. ఈ నగరం ఊడ్చే చేతుల్లో తెలుగు మాట్లాడే చేతులు ఎన్నో, ఈ సంఘంలో ఉన్న మీకు చెప్పాలా? కంచె వేసి టికెట్టు పెడితే మొదట బయట నిలబడేది వాళ్ల పిల్లలే. పూరీలో ఉన్న మన బంధువులను అడగండి. పెంటకటలో మన తెలుగు జాలర్లు, అక్కడివాళ్లు నోలియాలంటారే, యాత్రికులను అలల్లో చెయ్యి పట్టి దింపేది వాళ్లే. ఒడ్డు పోతే వాళ్లకు ఏముంది? తెలుగు అక్షరం రానివాడు కూడా మనవాడే అని మొదటిరోజు చెప్పి పెట్టిన సంఘం ఇది. డబ్బు లేనివాడు మనవాడు కాదని ఇప్పుడు చెప్పబోతున్నామా?

కమిటీకి మా మనవి ఒకటే. తలకు ఇంత అన్న ఆ తీర్మానాన్ని వెనక్కు తీసుకోండి. కాణుం పొంగల్‌కు ఎప్పటిలాగే మెరీనాలోనే చేరుదాం. చెత్త సంచులు, ఊడ్చే చీపుర్లు మా నలుగురి ఖర్చు. పులిహోర గుండిగ కూడా మేమే మోసుకొస్తాము. తిన్నాక ఆకులు ఏరే పనిలో పెద్దలు ముందుంటే, మన పిల్లలు బీచ్ అంటే ఎట్లా ఉండాలో ఫోటోల్లో కాకుండా కళ్లారా చూస్తారు.