వేలం లెక్కకు ఎక్సెల్ షీటా, గ్రిడ్ ఫారమా?

అమెరికాలో బడికో, ఆస్పత్రికో నిధుల కోసం జరిపే చారిటీ వేలంలో అసలు ఒత్తిడి పాట ముగిశాకే మొదలవుతుంది. పాడుకున్నవాళ్లంతా ఒక్కసారిగా బిల్లుల బల్ల దగ్గరికి వస్తారు. ఎవరు ఏ వస్తువు, ఎంతకు పాడుకున్నారు, డబ్బు కట్టారా అన్నది అప్పటికప్పుడు తేలాలి. ఈ లెక్కకు ఎక్సెల్ షీటు చాలా, మైక్రోసాఫ్ట్ యాక్సెస్ లాంటి డేటాబేస్‌లో గ్రిడ్ ఫారం రాసుకోవాలా?

షీటు పక్షాన గట్టి వాదనే ఉంది. ఏడాదికి ఒక్క రాత్రి పని. షీటు వాడటం దాదాపు అందరికీ వచ్చు. ఫారం రాసిన వాలంటీర్ వచ్చే ఏడాది ఊరు మారితే ఆ కోడ్ విప్పి చూసేవాళ్లు దొరకడం కష్టం. పాతిక వస్తువుల వేలానికి డేటాబేస్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

గ్రిడ్ ఫారం కూడా పైకి షీటులాగే కనిపిస్తుంది. దాని బలమంతా వెనకున్న టేబుళ్లది. వస్తువు నంబరుకు యునీక్ ఇండెక్స్ పెడితే 42వ వస్తువును ఇద్దరి పేర రాయడం కుదరదు. పాటదారుల టేబుల్‌తో ముడిపెడితే, లేని ప్యాడిల్ నంబరు (పాటదారుకు ఇచ్చే నంబరు) కొట్టినా ఒప్పుకోదు. ఎక్సెల్‌లోనూ డేటా వాలిడేషన్ ఉంది కానీ, కాపీ చేసి పేస్ట్ చేసిన అంకెను అది ఆపలేదు.

రసీదుల దగ్గర ఈ కట్టుదిట్టం విలువ తెలుస్తుంది. అమెరికా పన్ను నిబంధనల ప్రకారం వస్తువు మార్కెట్ విలువకు మించి కట్టిందే విరాళం. 150 డాలర్ల బుట్టను 220కి పాడుకుంటే విరాళం 70 డాలర్లే. ఇలా కొంత కొనుగోలు, కొంత విరాళం కలిసిన చెల్లింపు 75 డాలర్లు దాటితే, వస్తువు విలువ అంచనాను సంస్థ రాతపూర్వకంగా తెలపాలి. ప్రతి వస్తువు పక్కనా ఆ విలువ ముందే నమోదై ఉంటే రసీదులన్నీ ఒక్క రిపోర్టుతో వచ్చేస్తాయి.

గ్రిడ్‌కూ చిక్కులున్నాయి. యాక్సెస్‌లో పక్క వరుసకు జరగ్గానే మార్పు దానంతటదే సేవ్ అవుతుంది. సరైన అంకె ఎలా నిలుస్తుందో, పొరపాటున పైవరుసలో కొట్టిందీ అలాగే నిలుస్తుంది. అందుకే వస్తువు పేరు, విలువ గడులను లాక్ చేసి, ప్యాడిల్ నంబరు, ధర, చెల్లింపు గడులనే తెరిచి ఉంచాలి. ఇక నేరుగా విరాళాలు అడిగినప్పుడు ఒకే పిలుపుకు ఎందరో చెయ్యెత్తుతారు. ఒక వస్తువుకు ఒక్కరే అన్న నియమం అక్కడ అడ్డొస్తుంది. వాటికి వేరే టేబుల్ తప్పదు.

ఒక్కరే నమోదు చేసే చిన్న వేలానికి షీటే మేలు. ఏటా జరిపే, నలుగురు కలిసి నమోదు చేసే పెద్ద వేలానికి గ్రిడ్ ఫారం పడ్డ శ్రమకు తగ్గ ఫలితం ఇస్తుంది. అయితే దాన్ని రాసినవారు టేబుళ్ల వివరాలు కాగితం మీద పెట్టాలి, ముందురోజే కావాలని తప్పుడు నంబర్లు కొట్టి పరీక్షించాలి. ఏది ఎంచుకున్నా సరే, పాటదారులు చేత్తో రాసిన పాట కాగితాలను చివరి రసీదు పంపేదాకా పారేయకండి.