యుద్ధము – సైనికుని యిల్లు

యుద్ధవార్త ఊరందరకు ఒకటే. సైనికుని యింటికి మాత్రము అది వేరు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపిరి. మృతులలో నెల్లూరు జిల్లా కావలికి చెందినవాడొకడు. మే 7వ తేదీ తెల్లవారకముందే భారతసేన 'ఆపరేషన్ సిందూర్' ప్రారంభించెను. సెలవుపై ఇండ్లకు వచ్చిన జవానులకు తిరిగి రమ్మని పిలుపులందినవి.

నాయుడుపేట వంటి ఊరిలో ఆ పిలుపునకు అర్థమేమి? స్వర్ణముఖి యొడ్డున, గూడూరు–చెన్నై రైలుమార్గముపై నున్న ఈ పట్టణమునకు ఆ సరిహద్దు వేయి మైళ్లకు పైబడిన దూరము. ఇచ్చటి బజారులో యుద్ధము పత్రికలో శీర్షిక, టీవీలో చర్చ. కుమారుని సైన్యమునకు పంపిన యింట అది మ్రోగని ఫోను. శత్రువునకు బుద్ధి చెప్పవలెనని ఆ తండ్రియు కోరును. చెప్పబోవువాడు తన బిడ్డ కాకుండిన బాగుండునని ఆ క్షణముననే అనుకొనును. మొదటి మాట పైకి వచ్చును; రెండవది గొంతులో నిలిచిపోవును.

ఆ రెండవ మాటను లోకము పిరికితనముగ నెంచుటయే దీనికి కారణము. 2022 వరకు నాయుడుపేట నెల్లూరు జిల్లాలోనిది. ఆ నెల్లూరి గడ్డపై పుట్టిన ఖడ్గతిక్కన కథ ప్రతి విద్యార్థికి తెలియును. కాటమరాజుతో పోరి, సేనను పోగొట్టుకొని తిరిగివచ్చిన ఆ వీరునకు ఇల్లాలు స్నానమునకై మంచము చాటుచేసి పసుపుముద్ద యుంచెనట. తల్లి విరిగిన పాలు వడ్డించెనట. ఆయన మరల పోయి, పోరాడి మడిసెను. ఆ సమరమునకు మూలము పశువుల మేతకై చెల్లింపవలసిన పుల్లరి. పుల్లరికై ఇందరు చావవలెనా యని ఆ యింట ఎవరైన అడిగిరో లేదో కథ చెప్పదు.

ఆయనకు జ్ఞాతియైన కవి తిక్కన చూపు ఇంకను లోతైనది. ఆయన తెనిగించిన ఉద్యోగపర్వమున కుంతి, రాయబారమునకు వచ్చిన శ్రీకృష్ణుని ద్వారా కుమారులను పోరునకు పురికొల్పును. ఆయనయే తెనిగించిన స్త్రీపర్వమున ఆ కుంతియే, కర్ణుడు తన పెద్దకొడుకని వెల్లడించి, వానికి తిలోదకము లిమ్మని పాండవులను వేడుకొని విలపించును. ఆపగలిగియు యుద్ధము నాపలేదని గాంధారి కృష్ణుని శపించును. పోరు ధర్మము కావచ్చును. అంతమాత్రమున దుఃఖము అధర్మము కాదు.

ఈ సత్యము నేటి యిండ్లలోను కనబడుచున్నది. 2025 మే 9న, శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలము కల్లితండాకు చెందిన అగ్నివీరుడు మురళీనాయక్ జమ్మూకాశ్మీరు సరిహద్దున పాకిస్తాను కాల్పులలో అసువులు బాసెను. తల్లిదండ్రులు ముంబాయిలో కూలిపని చేసి బ్రతికినవారు. అతడు వారికి ఒక్కడే కొడుకు. మరునాటి సాయంకాలము ఇరుదేశములు కాల్పులు విరమించినవి. రాజ్యముల లెక్కలో ఆ వ్యవధి ఒక్కదినము. ఆ తండాలోని యింటికి జీవితకాలము.

యువకులను అటు నడిపించునది దేశభక్తి యొక్కటియే కాదు, కొలువు అవసరమును కలదు. ఇందు సిగ్గుపడవలసినదేమియు లేదు. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ నిబంధనల ప్రకారము వారి సేవ 4 ఏండ్లు. ఆపై స్థిరకొలువు నూటికి 25 మందికి మించి లేదు. విధినిర్వహణలో మరణించినవాని కుటుంబమునకు 48 లక్షల రూపాయల బీమాయు, 44 లక్షల పరిహారమును కలవు. సాధారణ సైనికుని కుటుంబమునకు వచ్చు పింఛను లేదు. ఆ కొలువు దొరకవలెనని మ్రొక్కుకొన్నది తల్లియే. కొడుకు క్షేమముగ తిరిగిరావలెనని ఇప్పుడు మ్రొక్కుకొనుచున్నదియు ఆమెయే. ఈ రెండు మ్రొక్కులలో ఏది అబద్ధము?

ఇట్టి తలపులు దేశరక్షణకు చేటు కావా యని కొందరడుగుదురు. ప్రతి తల్లియు కొడుకును పట్టి ఆపినచో సరిహద్దున నిలుచువారెవ్వరు? ప్రశ్న న్యాయమైనదే. కాని ఈ తల్లులు ఆపలేదు. గుండె వణకుచుండగనే పంపిరి. వణకని గుండెతో పంపుటలో త్యాగమేమున్నది? యుద్ధము కావలెనని బిగ్గరగ కేకలు వేయువారిలో పెక్కుమందికి పంపవలసిన బిడ్డ లేడు. కనుక ఈ యుద్ధము తప్పనిసరియా, ఇంక ఆగవచ్చునా యని అడుగు హక్కు అందరికంటె ముందు సైనికుని యింటిది. ఆ ప్రశ్నను ద్రోహమనుట వారి త్యాగమును సగము మాత్రమే గౌరవించుట.

ఖడ్గతిక్కన కథ చెప్పు ఉపాధ్యాయుడు ఆ తరగతిలోనే స్త్రీపర్వ కథయు చెప్పవలెను. ఆ బల్లలపై, అన్న సరిహద్దున నున్న బాలిక యొకతె కూర్చుండి యుండవచ్చును. గర్వింపుమని ఆమెకు అందరును చెప్పుదురు. భయపడుట తప్పు కాదని చెప్పువారు ఒక్కరైనను ఉండవలెను.