కిలిమంజారోకు ఆరో రోజు కావాలి

టాంజానియాలోని కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. తాళ్లు పట్టుకుని పాకే పని లేకుండా కాలినడకనే శిఖరం చేరవచ్చు కాబట్టి గురుకుల విద్యార్థులు మొదలు ఉద్యోగుల దాకా తెలుగు రాష్ట్రాల వారు ఎందరో అక్కడికి వెళ్లివచ్చారు. మరంగు దారిలో ఈ ఎక్కడాన్ని, దిగడాన్ని 5 రోజుల్లో ముగించే యాత్రలు ఉన్నాయి. ఆ పద్ధతి పోవాలి. 6 రోజులకు తక్కువైన యాత్రను నిర్వాహకులు అమ్మకూడదు, పిల్లల్ని పంపే సంస్థలు కొనకూడదు.

ఆ దారి లెక్క చూస్తే ప్రమాదం తెలుస్తుంది. మొదటి రాత్రి బస మందారాలో, 2,720 మీటర్లు. రెండో రాత్రి హొరొంబో, 3,720. మూడో రోజు సాయంత్రానికి కిబో, 4,720. రోజుకు వెయ్యి మీటర్ల చొప్పున పడక పైకి పోతోంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని పర్వత వైద్యుల మాట. కిబోలో నిద్ర కూడా పేరుకే. అర్ధరాత్రి లేపి శిఖరం వైపు నడిపిస్తారు.

ఎత్తుకు పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ వాటా తగ్గదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. శిఖరం మీద ఒక్కో శ్వాసకు అందేది సముద్రమట్టంలో అందేదాంట్లో దాదాపు సగం. శరీరం వెంటనే శ్వాస వేగం పెంచుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది, అదే మళ్లీ శ్వాసకు కళ్లెం వేస్తుంది. ఆ క్షారాన్ని మూత్రపిండాలు బయటికి పంపాలి. దానికి రోజులు పడుతుంది. కండబలం, పరుగు సాధన ఈ పనిని తొందరపెట్టలేవు. అందుకే ఊళ్లో అందరికంటే ముందు పరుగెత్తే కుర్రవాడే కొండ మీద ముందు కూలబడవచ్చు. డయామాక్స్ మాత్ర ఈ పనిని కొంత వేగిరం చేస్తుంది. వైద్యుడి సలహా మీదే వాడాలి. మాత్ర వేసుకున్నాం కదా అని వేగంగా ఎక్కడం మాత్రం తప్పు.

ఆరో రోజు ఇచ్చేది ఆ వ్యవధినే. హొరొంబోలో మరో రాత్రి ఉంటారు. మధ్యలో పగలు, నలుపు తెలుపు చారల జీబ్రా రాళ్ల దాకా, సుమారు 4,000 మీటర్లకు నడిచి, మళ్లీ కిందికొచ్చి పడుకుంటారు. వైద్యుల లెక్కకు ఇదీ పూర్తిగా సరిపోదు, 7 రోజులైతే ఇంకా మేలు. అయినా తొలి మెట్టుగా ఈ ఒక్క రోజునైనా తప్పనిసరి చేయాలి.

రెండో మార్పు, ఒంట్లో బాగోలేదన్న మాట దాచే అలవాటులో రావాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు తలనొప్పితో మొదలవుతుంది. వేడి సూప్ ముందు పెట్టినా ముఖం తిప్పుకోవడం, వాంతి, తూలడం తర్వాత వస్తాయి. డబ్బు కట్టాం, శిఖరం మీద జెండాతో ఫొటో దిగాలి అన్న పట్టుదలతో చాలామంది ఏమీ లేదంటారు. గైడు రోజుకు రెండుసార్లు అడగాలి, నడిపించి చూడాలి. మడమకు వేళ్లు ఆనించి పది అడుగులు తిన్నగా వేయలేని మనిషికి మెదడు వాస్తుండవచ్చు. కూర్చున్నా ఆయాసం తగ్గక, దగ్గు ఆగకుండా వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుండవచ్చు. ఈ రెండూ గంటల్లో ప్రాణం తీయగలవు. తెల్లారేదాకా ఆగకుండా, తోడు మనిషితో, కిబో నుంచి హొరొంబోకు దించేయాలి. ఉత్త తలనొప్పి అయితే ఉన్నచోటే ఆగాలి, తగ్గేదాకా పైకి అడుగు వేయకూడదు.

మూటలు మోసే స్థానిక కూలీలకూ ఇదే నియమం వర్తించాలి. వాళ్లకూ తలనొప్పి వస్తుంది, అడిగేవాళ్లే తక్కువ.

పార్కు రుసుము రోజుల లెక్కన కట్టాలి కాబట్టి ఆరో రోజుకు ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చును ఐచ్ఛికంగా చూపకుండా మొదటి ధరలోనే కలపాలి. దిగమని గైడు అంటే అదే చివరి మాటని, అలా దిగినవారి మీద అదనపు భారం వేయబోమని ఒప్పంద పత్రంలో రాయాలి. విద్యార్థుల విషయంలో ఆ పత్రాన్ని ప్రయాణానికి ముందే తల్లిదండ్రులకు తెలుగులో చదివి వినిపించాలి.