పెరటి కబుర్లు: గోంగూర మీద జపాను దండయాత్ర

జూలై వచ్చిందంటే న్యూజెర్సీలో మన తెలుగిళ్ళ ఫోను సంభాషణలు పిల్లల చదువుల దగ్గర మొదలై గోంగూర దగ్గర తేలుతాయి. "మీకెంత వచ్చింది?" అంటే జీతం సంగతి కాదు, మొక్క ఎత్తు సంగతి. ఈ ఏడు మా పెరట్లో పన్నెండు మొక్కలు నడుము దాకా లేచాయి. ఆగస్టు ఆఖరున తెనాలి తిరిగి వెళ్ళేలోగా రెండు జాడీల పచ్చడి పెట్టి మరీ వెళ్తానన్నారు మా అత్తగారు. అందుచేత ఆ మొక్కలకి మా ఇంట్లో మనుషులకన్న మర్యాద ఎక్కువ.

ఒకనాడు పొద్దున్నే ఆవిడ కేక. "అల్లుడుగారూ, ఆకుల నిండా జీరంగులు!"

వెళ్ళి చూశాం. అర అంగుళానికి మించదు. పచ్చగా మెరిసే తల, రాగి రంగు రెక్కలు, పక్కల వరసగా తెల్లటి చుక్కలు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపిన జీరంగికి చెల్లెలి వరసలా ఉంది. చూడ్డానికి నగల కొట్లోంచి నడిచొచ్చినట్టే. తిండి మాత్రం మగపెళ్ళివారి తిండి. ఈనెలు వదిలేసి తక్కినదంతా లాగించి ఆకుల్ని జల్లెడ చేసి పెట్టాయి.

ఇవి జపాను పెంకుపురుగులు. ఈ దేశంలో మొదట కనబడింది 1916లో, మన న్యూజెర్సీలోనే, రివర్టన్ దగ్గర ఒక నర్సరీలో. దిగుమతి మొక్కల తనిఖీ చట్టం 1912లో వచ్చింది; అంతకు ముందే వేళ్ళ మట్టిలో పిల్లపురుగులుగా దిగి ఉంటాయని తెలిసినవాళ్ళ ఊహ. అంటే వీసా గొడవ లేకుండా వచ్చి స్థిరపడ్డ సీనియర్లన్నమాట. మూడు వందల పైచిలుకు రకాల మొక్కలు తింటాయి. మందారం కుటుంబమన్నా ప్రీతే. గోంగూర ఆ ఇంటి ఆడపడుచే కదా! పైగా ఒకటి కొరికిన ఆకు వాసనకి ఇంకో పది దిగుతాయి. పోపు వాసనకి కారు ఆపే మిత్రులెవరైనా ఇక్కడ గుర్తొస్తే మా పూచీ లేదు.

పక్కింటి పెద్దమనిషి మా మీద జాలిపడి, కంచెకి ఒక పసుపుపచ్చ సంచీ ఎర వేలాడదీశారు. అందులో పూల వాసన, ఆడపురుగు వాసన రెండూ ఉంటాయి. అది పట్టే పురుగులకన్న పిలుచుకొచ్చేవి ఎక్కువని పరీక్షించినవాళ్ళు ఏనాడో తేల్చారు. మర్నాటికి సంచీ సగం నిండింది, మా గోంగూర పూర్తిగా నిండింది. ఆయన సంచీ చూపించి "చూశారా, ఎలా పడుతున్నాయో!" అని మురిసిపోతూంటే ఏమంటాం? ఆవకాయ సీసా చేతిలో పెట్టి, ఎరని మెల్లిగా వాళ్ళ ఇంటి అవతలి వైపుకి మార్పించాం. (అవతలివాళ్ళకి గోంగూర లేదు, గులాబీలున్నాయి. ఆ కథ మళ్ళీ ఎప్పుడైనా.)

తినే ఆకు మీద మందు కొట్టడానికి అత్తగారు ఒప్పుకోలేదు. తెల్లవారి చల్లదనానికి ఈ పురుగులు మందకొడిగా ఉంటాయి. కదిపితే ఎగరవు, జారి పడతాయి. ఆవిడ సబ్బునీళ్ళ గిన్నె కింద పట్టి ఆకు తడతారు. లోపల విష్ణు సహస్రనామం, పెరట్లో సహస్ర సంహారం.

"పాపం కాదా అత్తయ్యగారూ?" అంటే, "నా గోంగూర తినడం పాపం కాదూ?" అన్నారు.

ఒక్కదానికి మాత్రం మినహాయింపు. కొన్నిటికి మెడ వెనక తెల్లటి బొట్టు ఉంటుంది. అది ఒక ఈగ పెట్టిన గుడ్డు. ఈ పురుగుల్ని అణచడానికి 1920లలో జపాను నుంచే తెప్పించిన ఈగ అది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల లోపలికి దొలుచుకుపోయి, వారం తిరక్కుండా పెంకుపురుగుని పూర్తి చేస్తుంది. అలాంటివాటిని వదిలేస్తే ఈగల సంతతి పెరుగుతుంది. ఈ సంగతి చెప్పినప్పటినుంచీ ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ పరీక్షిస్తున్నారు. "దీన్ని బొట్టు పెట్టి పిలిచేశారు, మనం ముట్టుకోనక్కర్లేదు," అని పక్కకి తప్పుకుంటారు.

ఒక జాడీ నిండింది. రెండో జాడీ కోసం రోజూ చిగుళ్ళు లెక్కపెడుతున్నారు, ఒక్క ఆకు కూడా బయటికి పోనివ్వడం లేదు. ఈ నెల సమావేశానికి గోంగూర పచ్చడి తెస్తామని మాటిచ్చి ఉన్నాం. సభ్యులు దాన్ని దొండకాయ వేపుడుగా సవరించుకోవలసిందని మనవి.