ధర సగమైంది, శిస్తు సగం కాలేదు



1930ల ఆర్థిక మాంద్యం గురించి బడిలో మనకేం చెప్పారు? 1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ మార్కెట్ కూలింది, ప్రపంచమంతా మునిగింది, మనమూ మునిగాం. తుపాను వచ్చి పోయినట్టు చెప్తారు. కానీ తుపాను అందరి కప్పులూ లేపుతుంది. ఈ మాంద్యం కొందరి కప్పులే లేపింది. పిఠాపురం చుట్టుపక్కల ఊళ్ళ లెక్క తీయండి, తెలుస్తుంది.

ఆ ఏళ్ళలో గోదావరి జిల్లాల భూమి పండటం మానలేదు. ధవళేశ్వరం ఆనకట్ట కాలవలు పారాయి, వడ్లు పండాయి. పడిపోయింది ధర. 1929 తర్వాత నాలుగైదేళ్ళలో మద్రాసు రాజధానిలో వడ్ల ధర దాదాపు సగానికి దిగింది. అదే సమయంలో బర్మా, సయాం బియ్యం చౌకగా వచ్చి మన రేవుల్లో పడింది.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఓ రైతు శిస్తు ఏడాదికి 30 రూపాయలు. బస్తా 3 రూపాయలున్నప్పుడు 10 బస్తాలు అమ్మితే శిస్తు తీరిపోయేది. బస్తా రూపాయిన్నరకి పడితే 20 బస్తాలు అమ్మాలి. కాగితం మీద శిస్తు అణా కూడా పెరగలేదు. కళ్ళంలో మాత్రం రెట్టింపైంది. అప్పూ అంతే, వడ్డీ అంతే. ఇంట్లో తినడానికి ఉంచుకున్న గింజలే బండెక్కాయి.

ధర పడినప్పుడు శిస్తు ఎందుకు పడలేదు? ఎందుకంటే తీసుకునేవాడి చేతిలో చట్టం ఉంది. పిఠాపురం జమీందారీ ఎస్టేటు. శిస్తు బాకీ పడితే పంటనీ పశువులనీ జప్తు చేయడానికి, భూమి వేలం వేయించడానికి 1908 ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు జమీందారుకి దారిచ్చింది. మహారాజావారి దానధర్మాలు, కాలేజీ, నిఘంటువు నిజమే, కాదనం. కానీ ఆ ఖజానాలోకి డబ్బు ఎవరి కళ్ళం నుంచి వచ్చిందో కూడా అదే నోటితో చెప్పాలి కదా! జమీందారీ కాని రైత్వారీ ఊళ్ళు బాగున్నాయా? అక్కడ సర్కారే రీసెటిల్‌మెంటు పేరుతో రూపాయికి మూడణాలు పెంచుతానంది.

ఇక లండన్ సంగతి. 1927లోనే రూపాయిని 18 పెన్నీలకి బిగించేశారు. ఎందుకు? ఇక్కడి నుంచి అక్కడికి పంపే పింఛన్లకి, వడ్డీలకి రూపాయి బరువుగా ఉండాలి. రూపాయి బరువెక్కితే రైతు గింజ తేలికవుతుంది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ తన పౌనుని బంగారం నుంచి విడదీసుకుంది. రూపాయిని మాత్రం పౌనుకే కట్టి ఉంచింది. బంగారం ధర పెరిగింది. శిస్తు కట్టలేని ఇళ్ళలో ముక్కుపుడకలు, కాసులపేర్లు షావుకారు త్రాసెక్కాయి. ఆ దశాబ్దంలో వందల కోట్ల రూపాయల బంగారం దేశం దాటింది. ఆపమని ఇక్కడ ఎంత అడిగినా సర్కారు ఆపలేదు.

కూలి దొరక్కపోతే మన జనం కాకినాడలో ఓడెక్కి రంగూన్ పోయేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్ళని 'కోరంగీలు' అనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో పని కోసం బర్మా కూలీలకీ తెలుగు కూలీలకీ మధ్య గొడవ పెట్టింది ఎవరు? సమ్మె చేసిన తెలుగువాళ్ళ చోట బర్మావాళ్ళని పెట్టుకుని, సమ్మె తీరగానే వాళ్ళని గెంటేసిన యజమానులు. వందమందికి పైగా చచ్చారు. ఎక్కువమంది మనవాళ్ళే. ఆకలి ఇద్దరిదీ, లాభం మూడోవాడిది.

మద్రాసు రాజధానిలో రైతుల అప్పు 1930లో 150 కోట్లని లెక్క కట్టారు. 1935లో సత్యనాథన్ నివేదిక నాటికి 200 కోట్లు. ఐదేళ్ళలో 50 కోట్లు రైతు దర్జాగా ఖర్చు పెట్టాడంటారా?

రైతు సంఘాలు లేచాయి. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన రైతు యాత్ర నడిచింది. 1938లో రుణ విముక్తి చట్టం వచ్చింది. 1932 అక్టోబరుకి ముందు చేసిన అప్పుల మీద పేరుకున్న వడ్డీ కొట్టేశారు. అసలుకి రెట్టింపు ఇప్పటికే కట్టినవాడి బాకీ రద్దన్నారు. అడిగితేనే వచ్చింది, ఊరికే రాలేదు. కానీ భూమి లేని కూలీ ఆ చట్టం లెక్కలో 'వ్యవసాయదారుడు' కాడు. చట్టం వచ్చేలోపే వేలంలో భూమి పోయినవాడి సంగతి చెప్పక్కర్లేదు.

మైదానం కథ మనకెందుకంటారా? అప్పు కిందకి భూమి పోకూడదని ఏజెన్సీలో 1917లోనే ఒక చట్టం వచ్చింది. కొండవాళ్ళ భూమి బయటివాళ్ళ చేతికి పోవాలంటే అప్పట్లో ఏజెంటు అనుమతి ఉండాల్సి వచ్చేది. దానికి ఎన్ని చిల్లులు పొడిచారో మనకి తెలుసు. అయినా అది కంచె. పిఠాపురం రైతుకి ఆ కంచె కూడా లేదు. "మీ భూమి మీరు స్వేచ్ఛగా అమ్ముకోవద్దా?" అని తియ్యగా అడిగేవాళ్ళకి ఆ పదేళ్ళే జవాబు. ధర కూలిన ఏడాది అమ్ముకోవడం స్వేచ్ఛ కాదు, గత్యంతరం లేకపోవడం.

మీ ఇంట్లో, మీ చుట్టాల ఇంట్లో పాత పెట్టెలు తెరవండి. తాకట్టు పత్రాలు, వేలం కాగితాలు ఉంటే తేదీలు చూడండి. 1930కీ 1938కీ మధ్య ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టండి. ఈసారి టీవీలో ఎవరైనా "మాంద్యం వస్తోంది, అందరూ త్యాగం చేయాలి" అంటే ఒక్క మాట అడగండి: మా పంట ధరతో పాటు మా బాకీ కూడా తగ్గుతుందా?