రాత్రికి రాత్రి గట్టు జరిపే ఫారాలు



పక్క చేను ఆసామి రాత్రికి రాత్రి గట్టు జరిపితే మనం ఊరుకోం. పెద్దమనుషుల్ని పిలుస్తాం, సర్వేయర్‌తో కొలిపిస్తాం, అవసరమైతే కోర్టు మెట్లెక్కుతాం. గట్టు ఎక్కడుండాలో చెప్పడానికి సర్వే రాయి ఉంది కాబట్టి ఆ ధైర్యం. ఇవాళ మన పంట లెక్కలోకి వస్తుందా రాదా అన్నది తేల్చేది సెల్‌ఫోన్‌లోని ఫారం. ఆ ఫారాన్ని ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఒక్క రాత్రిలో మార్చేయవచ్చు. దానికి మాత్రం సర్వే రాయి లేదు.

ఇదెలా సాధ్యమో ముందు తెలుసుకోవాలి. ఇలా కట్టిన యాప్‌లో ప్రశ్నలు ఫోన్‌లో ఉండవు, సర్వర్‌లో ఉంటాయి. యాప్ తెరవగానే అది సర్వర్‌ను అడుగుతుంది. ఏ ప్రశ్నలు అడగాలి, ఒక్కో ప్రశ్నకు ఏ జవాబులు చూపాలి, ఏ గడి తప్పనిసరి అన్న జాబితా అక్కడి నుంచి వస్తుంది. దాన్ని బట్టి ఫోన్ తెర మీద ఫారం తయారవుతుంది. కొత్త యాప్ దింపుకోనక్కరలేదు. నిన్న పది గడులున్న ఫారం ఇవాళ పన్నెండు గడులతో కనబడవచ్చు. నిన్న ఉన్న జవాబు ఇవాళ మాయం కావచ్చు. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో రైతుకు తెలియదు, ఫోన్ పట్టుకున్న గ్రామ వ్యవసాయ సహాయకుడికీ తెలియదు.

పాత అడంగల్‌లో తప్పులు లేవని కాదు. కానీ దాని కాలమ్‌లు అచ్చులో ఉండేవి. మార్చాలంటే ఉత్తర్వు రావాలి, దానికి నంబరు, తేదీ, కింద సంతకం ఉండాలి. ఆ కాగితం పట్టుకుని కలెక్టరు దగ్గరికి వెళ్లి నిలదీయగలిగేవాళ్లం.

ఒక్క కాలమ్ పోతే ఏమవుతుందో తెలంగాణ రైతుల్ని అడగండి. 2020లో ధరణి వచ్చింది. అందులో సాగుచేసే అనుభవదారుకు కాలమ్ లేకుండా పోయింది. కౌలు రైతు చేలో ఉన్నాడు, రికార్డులో లేడు. అక్కడ మార్పు అందరి కళ్లముందు జరిగింది కనుక సంఘాలు ఎదిరించాయి, ఊరూరా చర్చ నడిచింది. అదే మార్పు సర్వర్‌లో చడీచప్పుడు లేకుండా జరిగితే ఎదిరించడానికి ఏముంటుంది?

మన ఆంధ్రాలో పంట నష్టపరిహారానికి, ధాన్యం కొనుగోలుకు ఈ-క్రాప్ నమోదే ఆధారం. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో పెట్టాలన్నారు. 2024 సెప్టెంబరులో కేంద్రం రూ.2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. ఇక దేశమంతా పంటల సర్వే ఫోన్ల మీదే. అంటే ఫారంలో గడి ఎవరి చేతిలో ఉంటే రైతు జుట్టు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఆలోచించండి. పత్తిలో అంతర పంటగా కంది వేశాం. ఫారంలో రెండో పంట గడి తీసేస్తే కంది వేయనట్టే. కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం నంబరు తప్పనిసరి అని ఒక గుర్తు పెడితే చాలు, ఆ పత్రం లేనివాడి దగ్గర ఫారం ముందుకు కదలదు. 2019 చట్టం ప్రకారం ఆ పత్రానికి భూ యజమాని ఒప్పుకోవాలి. ఆయన సంతకం పెట్టడు, ఫోన్ ఒప్పుకోదు. ఎన్ని లక్షల మందిని బయటికి నెట్టాలన్నా చట్టం మార్చక్కరలేదు, ఒక గడి పక్కన చుక్క పెడితే సరిపోతుంది. ఇది తడిగుడ్డతో గొంతు కోయడం కాదా?

ఇంకో ప్రమాదం వేలిముద్ర. వెనకటికి వడ్డీ వ్యాపారి ఖాళీ ప్రాంసరీ నోటు మీద వేలిముద్ర వేయించుకుని, తర్వాత తనకు నచ్చిన అంకె రాసుకునేవాడు. ఇప్పుడు మనం వేలిముద్ర వేసిన రోజు తెర మీద ఏ ప్రశ్నలున్నాయో రుజువేది? రేపు పరిహారం రాకపోతే "నువ్వే అలా చెప్పావు, వేలిముద్ర కూడా వేశావు" అంటే మన దగ్గర జవాబు లేదు.

సర్వర్ నుంచి మార్చడం వల్ల మేలు కూడా ఉందని అధికారులు అంటారు. నిజమే. తుపాను వస్తే నష్టం గడి అదే రోజు చేర్చవచ్చు, కొత్త రకం పేరు కలపవచ్చు, తప్పు దిద్దవచ్చు. మనం ఆ పద్ధతి వద్దనడం లేదు. గుట్టుగా మార్చడం వద్దంటున్నాం. ఎండలో ఫోన్ పట్టుకుని తిరిగే సహాయకుడి మీద కూడా మన కోపం కాదు. గడి నింపకపోతే ముందుకు పోనివ్వని ఫారం ముందు అతనూ మనలాంటివాడే.

అందుకే మన డిమాండ్లు:

1. ప్రతి ఫారానికి నంబరు, తేదీ ఉండాలి. ఏం మార్చారు, ఏ అధికారి ఆమోదించారు అన్నది తెలుగులో రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించాలి.

2. నమోదు మొదలయ్యాక ఆ సీజన్ ముగిసేదాకా రైతును తప్పించే మార్పు ఏదీ చేయకూడదు. ముందు నమోదైనవారి వివరాలు కొత్త గడుల పేరుతో కొట్టివేయకూడదు.

3. ప్రతి ఫారంలో "ఇవేవీ కావు, వివరం రాయండి" అన్న గడి ఉండాలి.

4. అడిగిన ప్రశ్నలు, ఇచ్చిన జవాబులు, ఫారం నంబరుతో సహా అచ్చు రశీదు అక్కడికక్కడే ఇవ్వాలి.

5. యాప్ తీసుకోని వివరాన్ని కాగితం మీద తీసుకోవాలి. దానికీ అంతే విలువ ఉండాలి.

ఇందులో ఏదీ కష్టమైన పని కాదు. ఫారం పంపే సర్వర్ దాని నంబరు, తేదీ పంపలేదా? పైగా ఉద్యోగులు పని చేయడానికి వాడే నియమాలు, సూచనలు తమంతట తామే బయటపెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. ఎవరిని చేర్చాలో, ఎవరిని తోసేయాలో చెప్పే ఫారం సూచన కాక మరేమిటి?

కనుక ప్రతి గ్రామ శాఖ ఈ నెలలోనే కదలాలి. వేలిముద్ర వేసే ముందు ఫారం మొత్తం చదివి వినిపించమనండి. తెరను ఫొటో తీసి తేదీ రాసుకోండి. ఈ సీజన్‌లో ఫారం ఎన్నిసార్లు మారింది, ఎవరి ఆమోదంతో మారింది అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. ఆ కాగితాలన్నీ మండల కమిటీకి చేర్చండి, వాటితోనే కలెక్టరేట్ ముందు కూర్చుందాం. మన చేను గట్టు మన కళ్లముందే కొలవాలి. మన పంట ఫారం కూడా అంతే.